జమ్మిచెట్టు మీది చీర

ఒక మాయకథలో కథానాయికకు ఏమి కట్టింపవలెనను ప్రశ్న ఒక ప్రసంగమునకు తగిన విషయమేనా యని మీకు సందేహము కలుగవచ్చును. రేడియోలో వేషము కనబడదు గదా! మా పాత్రలు పట్టుచీర కట్టినను, గోనెసంచి చుట్టుకొన్నను వినువారికి ఒక్కటే. నేనును మొదట అట్లే తలచితిని. కాని గడచిన కొన్ని నెలలుగా నాకు నిద్రపట్టనీయనిది ఈ వేషమే.

మాది దేవరకొండ. రేచర్ల వెలమ రాజులు కట్టిన కోట నీడలో పెరిగినవాడను. అక్కడి యువజనులు కొందరు, దసరాకు ఆడుకొనుటకు ఒక మాయానాటకము వ్రాసి యిమ్మని నన్ను కోరిరి. ముందు రేడియోలో వినిపించుట, తరువాత ఊరిలో రంగము మీద ఆడుట అని మా ఒప్పందము. కథానాయిక పేరు వెన్నెల. ఇరువది యేండ్లది. బజారులో ఒక దర్జీ అంగడిలో రవికలు కుట్టును. పుట్టినపుడు ఆమెను మగబిడ్డ యన్నారు. ఊరు ఇప్పటికిని ఆమెను ఆ పాత పేరుతోనే పిలుచును. తాను స్త్రీనని ఆమెకు తెలియును. నేడు ఇట్టివారిని ట్రాన్స్‌జెండర్ స్త్రీలని చెప్పుచున్నాము. మనుష్యుల పేర్లను దొంగిలించు మాంత్రికుడొకడు ఆ ఊరిమీదికి వచ్చును. వానిని ఎదిరించు శక్తి వెన్నెలకు లభించును. ఇంతవరకు కథ సులభముగనే నడచినది.

చిక్కు తెచ్చినది నా మేనకోడలు. బొమ్మలు గీయుట ఆమె విద్య. గోడపత్రికకు బొమ్మ గీయుచు, "మామా, శక్తి వచ్చినప్పుడు ఆమె బట్టలు మారాలి గదా. ఏం కట్టిద్దాం?" అని అడిగినది. బట్టలు మారుట యెందుకని నేనంటిని. ఆమె నన్ను జాలిగా చూచి, జపాను కథలను గూర్చి నాకు పాఠము చెప్పినది. ఆ దేశమున బాలికలు మంత్రశక్తితో వీరాంగనలగు కథలు ఒక ప్రత్యేక శాఖగా పెరిగినవి. 1966లో 'మాంత్రిక బాలిక సాలీ' టెలివిజనుకు వచ్చినది. 1992లో టెలివిజనుకెక్కిన 'సైలర్ మూన్' దేశదేశములు తిరిగినది. ఒక సామాన్య బాలిక, ఆమె చేతికి ఒక వస్తువు, ఒక మాట, అంతట వెలుగు, ఆ వెలుగులో కొత్త వేషము. ఆ వేషధారణ ఘట్టమే ఈ కథలకు ప్రాణమట. అంతకు ముందే, 1953లో, ఒసాము తెజుకా అను చిత్రకారుడు 'రిబ్బను వీరుడు' అను బొమ్మల కథలో సఫైర్ అను రాకుమారిని సృష్టించెను. ఆమెకు బాలుని హృదయము, బాలిక హృదయము రెండును కలవు. రాజ్యము దక్కుటకై మగవేషము ధరించును. ఈ మాట విన్నంతనే నాకు రుద్రమదేవి తలపునకు వచ్చినది. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజు అని పేర్కొన్నవి. ఆమె మరణవార్తను 1289వ సంవత్సరపు తేదీతో తెలుపు శాసనము మా నల్లగొండ జిల్లాలోని చందుపట్లలోనే దొరికినది. కాని రుద్రమ మగపేరు సింహాసనమునకై ధరించినది. వెన్నెల సంగతి అది కాదు.

ఇక్కడనే నేను చిక్కుకొంటిని. మన కథలలో మారువేషమునకు ఒక నియమము కలదు. లోపల ఉన్నది నిజము, పైనున్నది కపటము. విరాటపర్వములో అర్జునుడు బృహన్నల యగుట దీనికి మేలిబంతి. వింటినారి రాపిడికి కాయలు కాచిన ముంజేతులను గాజులతో కప్పును, జడ వేసికొనును, చెవులకు కుండలములు పెట్టుకొనును. గాండీవము జమ్మిచెట్టు మీద దాగియుండును. శవమును కట్టినట్లు కట్టిరి గనుక ఎవరును దాని జోలికి పోరు. ఏడాది నిండగానే బృహన్నల చెట్టు కడకు పోయి అర్జునుడగును. తిక్కన నడిపిన ఈ కథను మన తాతలు పురాణకాలక్షేపములలో వినిరి. 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రములో ఎన్. టి. రామారావు బృహన్నలగా కనబడగా మన తండ్రులు చూచిరి. అందుచేత మగరూపు నిజము, ఆడవేషము కపటము అను లెక్క మన మనస్సులలో ఇంకిపోయినది.

వెన్నెలకు ఈ లెక్క పొసగదు. ఆమెకు మారువేషము ఏది? రోజూ తొడుగుకొను అంగీయే, లాగే. జమ్మిచెట్టు మీద శవమువలె మూటకట్టి దాచినది ఏది? చీర. కావున నేను కథను తిరగవ్రాసితిని. వెన్నెల ఊరిబయటి జమ్మిచెట్టు మీద ఒక మూట దాచియుంచినది. దాని దగ్గరకు ఎవ్వరును పోరు. దసరానాడు జనమంతయు జమ్మిచెట్టు కడకు వచ్చి, ఆకు తెంపుకొని, బంగారమని చెప్పి చేతులు కలిపి అలాయిబలాయి తీసికొను వేళ ఆ మూట విప్పబడును. వేషము మార్చుకొనుట అక్కడ లేదు. మారువేషము విడిచిపెట్టుట యున్నది.

ఇదంతయు కవి కల్పనకు మాత్రము చెందిన మాట యనుకొనవలదు. నిజాము రాజ్యములో ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల చట్టమని ఒకటి పుట్టినది. దాని క్రింద ఇట్టివారి పేర్లను రిజిస్టరులో నమోదు చేయవలెను. నమోదైనవారు ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు ఖైదు వేయవచ్చును. దేవరకొండయు ఆ రాజ్యములోనిదే. నిజాము రాజ్యము పోయినది, రాష్ట్రముల పేర్లు మారినవి, చట్టము మాత్రము పుస్తకములో నిలిచినది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిలులో, తామెవరో చెప్పుకొను హక్కు ట్రాన్స్‌జెండర్లకు కలదని తీర్పు చెప్పిన తరువాతను అది నిలిచినది. తుదకు 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లకు పైగా, ఒక చీర కట్టుట నేరముగా వ్రాసియుండిన నేల ఇది. బోనాల ఊరేగింపులో పసుపు పూసుకొని చీర కట్టి పూనకముతో ఆడు శివసత్తులలో మగబిడ్డలుగా పుట్టినవారును ఉందురు. ఆనాడు వారికి జనము మ్రొక్కును. మరునాడు అదే చీరతో కిరాణా అంగడికి పోయినచో జనము చూచు చూపు వేరు. కావున వెన్నెల వేషమునకు నేను పెట్టుకొన్న మొదటి నియమము: అది పండుగనాటి వేషము కాకూడదు. ఆ బట్టతోనే మరునాడు బస్సు ఎక్కగలుగవలెను.

నా మేనకోడలు మొదట గీసిన బొమ్మ చాల అందముగ నుండెను. చీమనడుము, మోకాలి వరకు తళుకుల పావడా, నెత్తిన కిరీటము. దేవరకొండ చుట్టును లంబాడీ తండాలు కలవు గనుక, తండా స్త్రీల దుస్తులలోని అద్దములను, గవ్వలను, నాణెములను గూడ తెచ్చి ఆ పావడా నిండ కుట్టినది. నాకెందుకో మనసొప్పలేదు. ఒకరి ఒంటిమీది బట్టను మెరయుచున్నదని మరొకరి ఒంటికి తగిలించుట సరికాదనిపించినది. ఎంతో వాదించిన పిమ్మట ఒక్క అద్దపు బిళ్ళ మిగిలినది. తండా ముసలమ్మ యొకతె, రవిక కుట్టి యిచ్చినందుకు వెన్నెలకు ఇచ్చిన బిళ్ళ అది. దానిలో చూచుకొన్నవారికి మాంత్రికుడు దొంగిలించిన పేరు తిరిగి జ్ఞప్తికి వచ్చును.

చీర యెక్కడిది? ఇందులో మాత్రము నాకు ఎన్నడును సందేహము లేదు. మా పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాకది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. అక్కడ తేలియా రుమాళ్ళు నేయుదురు. నూలును నూనెలోను, బూడిద నీళ్ళలోను పలుమారులు నానబెట్టి, పిసికి, ఆరబెట్టుదురు. ఆ నూనె వాసన బట్టను చాలకాలము విడువదు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ముఖ్యము. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. నన్ను ఆకర్షించినది రంగు కాదు. ఈ నేతలో బొమ్మను బట్ట మీద అద్దరు. నేయకముందే, విడినూలు మీద లెక్క ప్రకారము ముడులు వేసి, రంగులో ముంచుదురు. మగ్గము మీదికి ఎక్కక మునుపే బొమ్మ దారములో ఉన్నది. చూచువారికి కనబడదు, అంతే. నేత పూర్తియైన తరువాత రెండువైపులను ఒకే బొమ్మ కనబడును, తిరగవైపు అనునది లేదు. వెన్నెలను గూర్చి నేను మూడు పుటల సంభాషణ వ్రాసియుంటిని. పుట్టపాక చీర దొరికిన తరువాత దానిని కొట్టివేసితిని.

కట్టు గోచికట్టు. పరుగెత్తవలెను, గోడలెక్కవలెను గదా!

ఇక వేషధారణ ఘట్టము. జపాను కథలలో అది వెలుగుల నడుమ, చూపరుల కన్నుల యెదుట జరుగును. మా నాటకమున అట్లు చేయుటకు నేను ఒప్పుకొనలేదు. ఇట్టివారి దేహమును తేరిపార చూచుట, నిన్న ఎట్లుండెను, నేడు ఎట్లున్నది అని పోల్చుట లోకమునకు మొదటినుండియు అలవాటు. ఆ వేడుకకు మన రంగము చోటీయరాదు. మనకు అంతకంటె మేలైన ఉపాయము కూచిపూడివారి వద్ద కలదు. భామాకలాపములో ఇద్దరు తెర పట్టుకొని నిలుతురు. సత్యభామ వెనుక నుండును. ముందుగా ఆమె జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి పడును. ఆ జడను చూచి సభ నిశ్శబ్దమగును. వేదాంతం సత్యనారాయణ శర్మ భామవేషమును చూచిన పెద్దలు ఆ క్షణమును ఈనాటికిని చెప్పుకొందురు. స్థానం నరసింహారావు వంటి మహానటులును స్త్రీ పాత్రలతోనే కీర్తి గడించిరి. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించినది. వారు ఆట ముగిసిన తరువాత వేషము విప్పి ఇంటికి పోయిన పురుషులు. వెన్నెల వేషము విప్పదు. అయినను తెర మాత్రము వారి వద్దనే అప్పు తెచ్చుకొంటిని. తెర వెనుక నుండి ముందు అంగీ వచ్చి నేలబడును, తరువాత జడ వచ్చును. అంతే.

బొమ్మ పూర్తియైన తరువాత, ఎవరి కథ వ్రాయుచుంటిమో వారికి చూపకుండుట న్యాయము కాదని తోచి, దేవరకొండలో నాకు తెలిసిన ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ వద్దకు పోయితిమి. ఆమె బొమ్మను చాలసేపు చూచినది.

"సారూ, చీర మంచిగున్నది. గని గీ పిల్లకు భుజాలేవి?" అన్నది. నా మేనకోడలు భుజములను సన్నగా దిద్దియుండెను. "నా భుజాలు నాకున్నయి. గవి తగ్గించి గీస్తే, గీమె నేను గాదు. ఇంకెవలో."

"నిజమేనమ్మా" అంటిని.

"మమ్ముల గీసేటోళ్ళందరు తళుకులే పెడ్తరు. మా చెల్లె బతుకమ్మకు కట్టిన మామూలు చీర జూసి ఏడ్చిన గని, సినిమా చీర జూసి నేనెన్నడు ఏడ్వలే. కిరీటం తీసెయ్యి బిడ్డా. జేబు పెట్టు."

కిరీటము పోయినది. నడుమునకు ఒక సంచి వచ్చినది. అద్దపు బిళ్ళ అందులోనే యుండును. భుజములు తిరిగి వచ్చినవి. రవికకు మోచేతి వరకు చేతులు పెట్టి, చంకల వద్ద వదులు విడిచినచో చేయి ఎత్తినపుడు పట్టదని ఆమెయే చెప్పినది. నా మేనకోడలు కొంత చిన్నబుచ్చుకొన్నది గాని, రెండవ బొమ్మయే బాగున్నదని ఇంటికి వచ్చి ఒప్పుకొన్నది.

ఆమె చెప్పిన మరొక మాట మా వృత్తికి సంబంధించినది. శక్తి వచ్చిన తరువాత వెన్నెల గొంతును సన్నని ఆడగొంతుగా మార్చవలెనని నేను అనుకొంటిని. ప్రతిధ్వని జోడించి, వేణువు కలిపి, ఒక నమూనా కూడ చేసితిమి. అది విని ఆమె నవ్వినది. "గొంతు మారిస్తే మళ్ల దొంగతనమే గద సారూ. గా మాంత్రికుడు పేరు ఎత్కపోయిండు, మీరు గొంతు ఎత్కపోతిరి." ఇరువది యేండ్లకు చేరువగా మైకు ముందు పని చేయుచున్న నాకు తట్టని సంగతి యిది. రేడియోలో గొంతే ఒళ్ళు, గొంతే బట్ట. ఆ నమూనాను చెరిపివేసితిమి. ఇప్పుడు ఆ ఘట్టములో చీర కుచ్చెళ్ళు సవరించు చప్పుడు, గాజుల సవ్వడి, ఆ తరువాత అదే బొంగురు గొంతు, తన పేరు తాను చెప్పుకొనుట మాత్రము వినిపించును.

యుద్ధఘట్టమునకు మరల విరాటపర్వమునే ఆశ్రయించితిని. ఉత్తర తన బొమ్మలకు మేలి వస్త్రములు తెమ్మని బృహన్నలను అడిగినది గదా. అర్జునుడు సమ్మోహనాస్త్రముతో కౌరవులను మూర్ఛ ముంచి, ద్రోణకృపుల తెల్లని వస్త్రములను, కర్ణుని పచ్చని వస్త్రమును, అశ్వత్థామ దుర్యోధనుల నీలి వస్త్రములను ఉత్తరకుమారునిచేత తెప్పించెను. చంపక, బట్టలు మాత్రము తెచ్చిన ఆ గెలుపు దర్జీ పిల్లకు చక్కగా తగినది. వెన్నెల మాంత్రికుని ఉత్తరీయమును గెలుచుకొని వచ్చి, కత్తిరించి, అంగడి ముందు ఆడుకొను పిల్లల బొమ్మలకు గౌనులు కుట్టును.

రంగము మీద వెన్నెల పాత్ర ధరించునది ఆ స్త్రీయే. యువజనులు పోయి అడుగగా రెండు దినములు ఆలోచించి ఒప్పుకొన్నది. రవిక కొలతలు దర్జీచేత తీయించుకొనక, తానే తీసికొని, ఒక కాగితము మీద వ్రాసి పంపినది. కాగితము క్రింద ఒక షరతు కూడ వ్రాసినది: ఆట అయిపోయినంక రవిక, చీర రెండును ఆమెకే ఇచ్చివేయవలెనట.