గేదె పేరు మీద రాసిన అప్పు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, పిల్లల చదువులు, మొదటి ఉద్యోగాల గురించి ఒక సభ్యురాలి కూతురు మాట్లాడిన మాటలు. ఫోన్‌లో రికార్డు చేసి, విని రాసినది.)



నన్ను మీలో సగం మంది ఎరుగుదురు. మా అమ్మ ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. పిల్లలు చదువు అయ్యాక ఏం చెయ్యాలో నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షురాలు గారు అడిగారు. నేను హైదరాబాదులో ఒక కంపెనీలో హెచ్‌ఆర్ విభాగంలో చేస్తున్నాను. కొత్తగా చేరే పిల్లల కాగితాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. అందుకని పిలిచారు. కానీ నేను ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను. అమ్మని అడిగే చెప్తున్నా. "చెప్పు, ఇప్పుడు నాకేం సిగ్గు లేదు" అంది.

2015లో నా డిగ్రీ అయిపోయింది. బీకాం. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పెద్ద కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. నలభై వేలు కట్టాలి, చేరాక తిరిగిచ్చేస్తారు అని చెప్పారు. అమ్మ సంఘంలో అప్పు అడిగింది. ఉద్యోగానికి లంచం కడతానంటే సంఘం ఇవ్వదని భయపడి, గేదె కొంటానని చెప్పింది. మీటింగులో తీర్మానం అయింది, పుస్తకంలో "గేదె కొనుగోలు నిమిత్తం" అని రాశారు. రాసింది ఎవరో తెలుసా? నేనే. అప్పట్లో మా సంఘం పుస్తకాలు నేనే రాసేదాన్ని.

నెల తిరక్కుండా కంపెనీ బొమ్మ వేసిన ఆర్డరు కాగితం వచ్చింది. సూట్‌కేసు పట్టుకుని ఆ కంపెనీ గేటు దగ్గరికి పోయాను. సెక్యూరిటీ ఆయన కాగితం చూసి, "ఈ వారంలో నువ్వు నాలుగో పిల్లవమ్మా" అన్నాడు. కన్సల్టెన్సీకి పోతే తాళం. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

అప్పు మాత్రం స్విచ్చాఫ్ కాలేదు. నూటికి రూపాయి వడ్డీ, నెలకి రెండు వేల అసలు, ఇరవై నెలలు. వడ్డీ 4,200 కలిపి 44,200 కట్టింది మా అమ్మ, మిరపకాయ కోతలకి పోయి. ఒక్క వాయిదా తప్పలేదు. ప్రతి మీటింగులో ఎవరో ఒకరు "గేదె పాలెన్ని ఇస్తందమ్మా?" అని అడిగేవాళ్లు. పాపం వాళ్లు మంచిగానే అడిగారు. అమ్మ "కట్టిపోయింది" అని చెప్పేది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మీరు గేదెకి అప్పిచ్చేటప్పుడు ఏం చేస్తారు? ఎన్నో ఈత, పళ్లెన్ని, ఎవరింటిది, రెండు పూటలా పాలు పిండి చూశారా అని అడుగుతారు. ఉద్యోగానికి కట్టే డబ్బుకి మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యం. పైగా దాచిపెడతాం. ఇక మీద ఏ అమ్మయినా పిల్లల ఉద్యోగం కోసం అప్పు అడిగితే, పుస్తకంలో ఉద్యోగం అనే రాయండి. రాసే ముందు అడగండి: డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది? కంపెనీ ఖాతాలోకా, ఎవరో మనిషి ఫోన్ పే నంబరుకా? రసీదు ఇస్తారా? ఆ కంపెనీ ఆఫీసుకి మనంతట మనం ఫోన్ చేసి కనుక్కున్నామా, లేక మధ్యవర్తి ఇచ్చిన నంబరుకే చేశామా? నిజమైన కంపెనీ ఉద్యోగం ఇచ్చి జీతం ఇస్తుంది, ఉద్యోగానికి డబ్బు తీసుకోదు. డిపాజిట్ అన్నా, లాప్‌టాప్ ఖర్చన్నా, ట్రైనింగ్ ఫీజన్నా, యూనిఫాం అన్నా అంతే. డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆలస్యం చేసేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. పరువు పోతుందని ఊరుకోవద్దు. మేం ఊరుకున్నాం.

ఇంకో రకం కన్సల్టెన్సీ ఉంది. అది ఇంకా ప్రమాదం. పిల్లాడికి అనుభవం లేకపోయినా మూడేళ్లు పనిచేసినట్టు దొంగ సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తారు. పీఎఫ్ లెక్కలో ఎవరు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేశారో కనిపిస్తుంది. కాగితంలో మూడేళ్లు, పీఎఫ్‌లో సున్నా అయితే నా కళ్లబడుతుంది. చేరిన రెండు నెలలకి ఆ పిల్లాణ్ణి తీసేస్తాం. ఇలా తీసేసిన పిల్లలు ఏడుస్తుంటే నేనే ఎదురుగా కూర్చున్న రోజులున్నాయి. ఏమీ తెలియదని చేరిన పిల్లాడికి పని నేర్పుతారు. అబద్ధం చెప్పి చేరిన వాడికి తలుపు మూసేస్తారు.

విదేశం అయితే మరీ జాగ్రత్త. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు చాలామంది టీవీలో చూసే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్లని కాంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించారు. టూరిస్టు వీసా మీద పంపి అక్కడికెళ్లాక మారుస్తామంటే నమ్మొద్దు. విదేశానికి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. అతను తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగాడంటే ఇంక మాట్లాడేదేం లేదు.

అలాగే కాలేజీ పిల్లల దగ్గరికి ఇంకొకళ్లు వస్తున్నారు. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు మాకివ్వు, నెలకింత ఇస్తాం" అంటారు. పిల్లలు అదేదో సులువైన సంపాదన అనుకుంటారు. ఆ ఖాతాలోకి మోసం చేసిన డబ్బు వస్తుంది, పోలీసులు ఖాతాదారు ఇంటికే వస్తారు. ఇంట్లో ఇవ్వాళే చెప్పండి.

ఇప్పుడు కాగితాల సంగతి. నా అనుభవంలో పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. పదో తరగతి మెమోలో పేరు ఒకలా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా, పాన్ కార్డులో మరోలా. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం. ఆధార్ తీసిన రోజు తేదీ తెలియక జనవరి ఒకటి అని రాయించిన ఇళ్లు ఎన్ని! చేరే రోజున ఇవి కలవక పీఎఫ్ ఖాతా తెరుచుకోదు, జీతం ఆగుతుంది. పదో తరగతి మెమోనే మూలం. మిగతావన్నీ దాని ప్రకారం దిద్దించుకోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం. అందుకని మెమో పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి ఇవ్వండి. ఇది డిగ్రీ మొదటి ఏడాదిలోనే చెయ్యాల్సిన పని, ఉద్యోగం వచ్చాక కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు. ఫీజు బాకీ ఉందని కాలేజీలు బీరువాలో పెట్టేసుకుంటాయి. కాలేజీలు అలా ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కంపెనీ కూడా చూసి, జిరాక్సు తీసుకుని, అప్పటికప్పుడు తిరిగివ్వాలి. "రెండేళ్లు మా దగ్గరే ఉంటాయి" అంటే చేరే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

జీతం గురించి ఒక లెక్క చెప్తాను, ఎందుకంటే ఇళ్లలో గొడవలు దీని దగ్గరే. ఆర్డరులో ఏడాదికి మూడు లక్షలు అని ఉంటుంది. మనం నెలకి పాతిక వేలు అనుకుని, అప్పుడే ఊళ్లో చెప్పేస్తాం. మూల వేతనం 12,500 అనుకుందాం. పీఎఫ్ కింద అందులో నూటికి 12, అంటే 1,500 కంపెనీ కట్టేది, 1,500 పిల్లల వాటా. కంపెనీ కట్టేది కూడా ఆ మూడు లక్షల్లోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ అని ఇంకో ఆరొందలు. వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 21,200. హాస్టల్, తిండి, బస్సు పోను మొదటి ఏడాది పిల్ల ఇంటికి పంపేది నాలుగైదు వేలైతే గొప్ప. "వాళ్లమ్మాయి పదిహేను పంపుతోంది, నువ్వేం చేస్తున్నావ్" అని ఫోన్‌లో అనకండి. ఆ మాటకి భయపడి యాప్‌లలో అప్పులు తీసుకున్న పిల్లలు నాకు తెలుసు.

పీఎఫ్ డబ్బు పోయినట్టు కాదు, అది వాళ్ల పొదుపే. పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు ఒకటి ఇస్తారు, ఎన్ని కంపెనీలు మారినా అదే. మారిన ప్రతిసారీ డబ్బు తీసేసుకోకుండా కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోమని చెప్పండి. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ వర్తిస్తే, పిల్లల సంపాదన మీద ఆధారపడ్డ అమ్మానాన్నల పేర్లు కూడా వైద్యానికి చేర్చుకోవచ్చు. ఆ ఫారం నింపేటప్పుడు పెళ్లికాని పిల్లలు చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నేను పిలిచి మరీ రాయిస్తాను.

ఆడపిల్లల గురించి ఒక మాట. చేరిన మొదటి మూడు నెలలు ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు విని "వచ్చెయ్యమ్మా" అనకండి, సంక్రాంతి దాకా ఆగమనండి. కానీ ఎవరో పైవాడు తేడాగా ప్రవర్తిస్తున్నాడని చెబితే మాత్రం "సర్దుకుపో" అనొద్దు. పదిమందికి తగ్గకుండా పనిచేసే ప్రతి చోటా దీనికి ఒక కమిటీ ఉండాలని 2013 చట్టం. చిన్న చోట అయితే జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. తేదీ, మాట, ఎవరున్నారు అన్నది పిల్ల ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

నాకు ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పలేదు కదా. డబ్బు పోగొట్టుకుని ఇంటికొచ్చాక ఒంగోలులో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి పోయాను. ఏం వచ్చు అన్నారు. ట్యాలీ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. "సంఘం పుస్తకాలు రాస్తానండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. "పొదుపు ఎక్కడ రాస్తావు, అప్పు ఎక్కడ, నెలాఖరుకి నగదు ఎలా సరిచూస్తావు" అని అరగంట అడిగారు. నెలకి ఏడు వేలకి పెట్టుకున్నారు. ఏడాదిన్నర చేశాను, ట్యాలీ, ఎక్సెల్ అక్కడే నేర్చుకున్నా. తర్వాతే హైదరాబాదు.

మీ ఇంట్లో డిగ్రీ పిల్ల మీ సంఘం పుస్తకాలు రాస్తుంటే, ఆ సంగతి తన బయోడేటాలో రాయమనండి. ఎంతమంది సభ్యులు, ఎన్నేళ్లు, నెలకి ఎంత లావాదేవీ. అది నిజమైన అనుభవం. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "నీ గురించి చెప్పు" అనే. మీరు ప్రతి మీటింగులో లేచి పేరు, సంఘం, పొదుపు, అప్పు తడబడకుండా చెప్తారే, అదే. ఇంట్లో రోజూ రెండు నిమిషాలు పిల్లల్ని మీ ఎదురుగా నిలబెట్టి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పించండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు, తడబడిందో లేదో మీకు తెలుస్తుంది.

డబ్బు కట్టకుండా నేర్చుకునే దారులూ ఉన్నాయి. పల్లెల్లో పేద ఇళ్ల పిల్లలకి డీడీయూ-జీకేవై శిక్షణ ఉచితం. సొంతంగా పని పెట్టుకునే వాళ్లకి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ ఉంది. డిగ్రీ, డిప్లొమా అయిన వాళ్లు కంపెనీల్లో స్టైపెండ్ తీసుకుంటూ అప్రెంటిస్‌గా చేరొచ్చు. ప్రస్తుతం మన దగ్గర ఏ బ్యాచ్‌లు నడుస్తున్నాయో ఏపీఎం గారు చెప్తారు, నాకంటే వారికే బాగా తెలుసు.

భోజనాలయ్యాక నేను వెలుగు ఆఫీసు వరండాలో కూర్చుంటాను. మూడున్నర బస్సు దాకా ఉంటా. పిల్లల పదో తరగతి మెమో, ఆధార్, పాన్ జిరాక్సులు తెచ్చిన వాళ్లు ఒక్కొక్కరే రండి, పేర్లు కలిశాయో లేదో చూసి పెడతాను. ఎవరైనా ఎక్కడైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, వాళ్లు ముందు రండి. పేరు ఎవరికీ చెప్పను.