పగడపు పుండుకు నిదానం

బొబ్బిలి బజారులో పగడం కావాలని అడిగితే, వర్తకుడు ఎర్రని పూసను చూపుతాడు. కుజశాంతికని ధరించేదీ, నవరత్నాలలో ఒకటిగా ఎన్నేదీ ఆ పూసనే. అది సముద్రంలో పెరిగే ఒక చిరుప్రాణి కట్టుకొన్న అస్థి. నేటి ప్రసంగం దాని దాయాదులైన దిబ్బపగడాలను గూర్చినది. విదేశాలలో స్థిరపడిన మన పిల్లలు కొందరు ఇంటిలో గాజుతొట్టి అమర్చి, ఉప్పునీరు నింపి, అందులో ఈ పగడాలను సజీవంగా పెంచుతున్నారు. పెంచినవారికి ఒకనాడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: నిన్నటిదాకా నిగనిగలాడిన పగడం నేడు తెల్లబడినదేల?

పగడం మొక్క కాదు, రాయి అంతకంటె కాదు, జంతువు. 18వ శతాబ్దంలో పేసొన్నెల్ అనే ఫ్రెంచి వైద్యుడు, పగడపు పువ్వులని లోకం నమ్మినవి నిజానికి ప్రాణులని చాటినాడు. నాటి పండితులు తొలుత ఆ మాటను చెవిని బెట్టలేదు. సున్నపుగిన్నె వంటి గూటిలో మెత్తని దేహం, నోటిచుట్టూ తీగల వంటి చేతులు - ఇదీ పగడపు పురుగు రూపం. ఇట్టివి వేలకొలది ఒకే పలుచని చర్మంతో కలిసి బ్రతుకుతాయి. ఆ చర్మంలో కంటికి కానరాని నాచుకణాలు కాపురముంటాయి. అవి ఎండను ఆహారంగా మార్చి అద్దెగా చెల్లిస్తాయి. పగడానికి గోధుమవన్నె వాటివల్లనే కలుగుతుంది. గుండ్రాళ్ళవలె పెరిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. అరచేయంత ముక్క వెనుక కొన్ని ఏళ్ళ శ్రమ ఉన్నదన్నమాట. దానిని ఒక్క పొరపాటు రెండు రోజులలో పోగొట్టవచ్చు.

మన వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని కనుగొనడానికి నిదానమని పేరు. నిదానమంటే తొందరపడకపోవడమని కూడా తెలుగువాడి అర్థం. నిదానమే ప్రధానమన్న సామెత ఇక్కడ రెండు అర్థాలలోనూ వర్తిస్తుంది. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని మన వైద్యులు పరీక్షను మూడు విధాలుగా చెప్పినారు. ఆ క్రమమే పగడానికీ చాలు.

మొదటిది దర్శనం. తెలుపు రెండు రకాలని గుర్తుంచుకోవాలి. నీటి వేడిమి పెరిగినప్పుడో, దీపకాంతి మితిమీరినప్పుడో, పగడం తనలోని నాచుకణాలను వెళ్ళగొడుతుంది. అప్పుడు చర్మం గాజువలె పారదర్శకమై, లోపలి సున్నం తెల్లగా కనిపిస్తుంది. అయినా చర్మం ఉన్నది. ప్రక్కనుండి దీపం వేసి చూస్తే పలుచని పొర, ముడుచుకొనే చేతులు కానవస్తాయి. ఇది వివర్ణత; మరణం కాదు. రెండవ రకంలో చర్మమే ఊడిపోయి ఉంటుంది. గిన్నెల అంచులు గరుకుగా, మొనలు తేలి కనిపిస్తాయి. కొన్నాళ్ళకు ఆ చోట ఆకుపచ్చని పాచి పడుతుంది. బ్రతికిన చర్మంపై పాచి నిలువదు. పాచి పట్టినదంటే అక్కడ ప్రాణం లేదు. ఈ భేదం తెలియక, బ్రతికి ఉన్న పగడాన్ని చచ్చినదని పారవేయడం కద్దు.

పిమ్మట గాయం ఎక్కడ ఉన్నదో చూడాలి. మొదటినుండి పైకి మెల్లగా వ్యాపిస్తే వెలుతురు చాలకపోవడమో, మడ్డి పేరుకోవడమో, నీటి క్షారగుణం నిలకడ తప్పడమో కావచ్చు. కొనలు మాత్రమే మాడితే క్షారగుణం మితిమీరినదేమో విచారించాలి. ఒక్క ప్రక్కనే గాయముంటే పొరుగును అనుమానించాలి. కొన్ని పగడాలు రాత్రివేళ పొడవైన చేతులు చాచి ఇరుగును కుడతాయి. అక్కడక్కడ గుండ్రని మచ్చలుంటే కొరికిన గుర్తులు. చదును పురుగులు, నత్తలు, కొన్ని చేపలు ఆ పని చేస్తాయి. గోధుమరంగు జిగురు వ్రేలాడితే అది వేగంగా కబళించే తెగులు. కొమ్మల పగడాలలో చర్మం ఒకటి రెండు రోజులలోనే పొరలుగా రాలిపోవడం మరొక ఉపద్రవం. దానికి ఏకైక కారణమంటూ ఇంతవరకు తేలలేదు.

రెండవది స్పర్శనం. ఇక్కడ తాకవలసినది నీటిని, పగడాన్ని కాదు. ఉప్పు వెయ్యింటికి 35 పాళ్ళు, వేడిమి 25 లేక 26 సెంటిగ్రేడు డిగ్రీలు, సున్నపుధాతువు లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ అంకెలకంటె నిలకడ ముఖ్యం. రాగి లేశమైనా విషమే. చేపల రోగానికి వాడే రాగిమందు పగడపుతొట్టిలో పోయరాదు. తొట్టిలో చేయి పెట్టేవారు తొడుగులూ కళ్ళద్దాలూ ధరించాలి. బొత్తాముల వంటి కొన్ని మెత్తని జాతులలో మనుష్యులకు ప్రాణాపాయం కలిగించే విషమున్నది.

మూడవది ప్రశ్నం. పగడం బదులు చెప్పదు గనుక యజమానిని అడగాలి. గడచిన పక్షంలో ఏమి మారినది? క్రొత్త దీపం పెట్టినారా? క్రొత్త ప్రాణిని తెచ్చినారా? తెలియనివారెవరైనా నీరు పోసినారా? తేదీలతో పుస్తకంలో వ్రాసుకొన్నవానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

చికిత్స కారణాన్నిబట్టి ఉంటుంది. వివర్ణమైతే వెలుతురు తగ్గించి, వేడిమి సరిచేసి ఓపిక పట్టాలి. పొరుగు పోరైతే జానెడు దూరం జరపాలి. జిగురు తెగులైతే పగడాన్ని వేరుచేసి, ఆ జిగురును గొట్టంతో పీల్చివేయాలి. చర్మం వేగంగా రాలిపోతుంటే ఆరోగ్యంగా ఉన్న భాగంలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి కోసి, ఆ ముక్కలను వేరుగా బ్రతికించుకోవాలి. కారణం తెలియకుండా నాలుగు మందులు ఒకేసారి పోస్తే, ఏది చంపినదో కూడ తెలియదు.

మన దేశంలోని శ్రోతలకు ఒక హెచ్చరిక. దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001 నుండి రక్షణ ఉన్నది. సముద్రంనుండి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఎండిన కొమ్మను అలంకారానికి కొనడానికైనా వీలులేదు.

మన ఉత్తరాంధ్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు. నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి వాటికి సరిపడవు. అవి కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షదీవులు, అండమాను నికోబారు దీవులలో ఉన్నాయి. అక్కడ 1998లో వచ్చిన వేడిమికి పగడాలు విస్తారంగా తెల్లబడి చనిపోయినాయి. లోకమంతటా ఇట్టి ఉపద్రవం నాలుగవసారి సాగుతున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిలులో ప్రకటించినారు. ఆ ఏడు లక్షదీవుల పగడాలూ తెల్లబడినాయి. వేసవి గరిష్ఠానికి ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఈ కీడు మూడుతుంది. తొట్టిలో ఆ డిగ్రీని ఒక మీట త్రిప్పి తగ్గించవచ్చు. సముద్రానికి అట్టి మీట లేదు.

అందువల్ల తొట్టి పెంచేవారికి చెప్పదగినదొకటే. తెల్లబడిన పగడాన్ని చూడగానే మందుసీసాకై చేయి చాచవద్దు. దీపం ప్రక్కకు పెట్టి, చర్మం ఉన్నదా లేదా అని ముందు చూడండి. ఉన్నదంటే ఇంకా వ్యవధి ఉన్నదన్నమాట.