కంచె వెలుపల, కంచె లోపల



విజయనగరం చెంత కోరుకొండలో 1962లో సైనిక పాఠశాల వెలసినది. సైన్యానికి అధికారులను అందించే ఆ విద్యాలయం, సిపాయిలను పంపే శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు గల ఈ సీమకు కాశ్మీరం దూరదేశం కాదు. అక్కడ శిబిరంపై దాడి అన్న వార్త వినగానే ఇక్కడి తల్లుల గుండె ఝల్లుమంటుంది. 2017 ఏప్రిల్ 27న కుప్వారా జిల్లా పంజ్‌గాం శిబిరంపై జరిగిన దాడిలో నేలకొరిగిన ముగ్గురిలో ఒకరు మన పొరుగున ఉన్న విశాఖపట్నం జిల్లావారే.

జిహాద్ పేరిట ఆయుధం పట్టిన ముఠాలు సైనిక స్థావరాన్ని ఎన్నుకొనుటలో ఒక ఎత్తుగడ ఉన్నది. వారు ప్రాణాలనే కాదు, రాజనీతిని కూడా గురిచూస్తారు. 2015 డిసెంబరు 25న భారత ప్రధాని లాహోరు వెళ్ళి స్నేహహస్తం చాచారు. వారం తిరిగీ తిరగకముందే, 2016 జనవరి 2న పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి జరిగినది. విదేశాంగ కార్యదర్శుల చర్చలు వాయిదా పడ్డాయి.

అదే సంవత్సరం సెప్టెంబరు 18 వేకువన ఉరీ బ్రిగేడు స్థావరంపై నలుగురు విరుచుకుపడ్డారు. ఒక దళం విధులు అప్పగిస్తూ, మరొక దళం స్వీకరిస్తున్న సమయమది. గుడారాలు అంటుకున్నవి. 19 మంది సైనికులు అసువులు బాశారు. ఇస్లామాబాదులో జరుగవలసిన సార్క్ సభకు భారతదేశం వెళ్ళరాదని నిశ్చయించినది. ఆ సభ జరుగనే లేదు. సెప్టెంబరు 29న, నియంత్రణ రేఖ దాటి ప్రతిదాడి చేసితిమని మన సైన్యం ప్రకటించినది. పాకిస్తాన్ కాదన్నది. ఇక్కడ సాక్ష్యమేదని కొందరడిగారు. అడుగుటే ద్రోహమని మరికొందరన్నారు.

ఆ కోలాహలంలో ఒక ప్రశ్న మరుగున పడినది. పఠాన్‌కోట్ దాడి తరువాత స్థావరాల రక్షణను పరిశీలించుటకు లెఫ్టినెంట్ జనరల్ ఫిలిప్ కాంపోజ్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడి, 2016 మే నెలలోనే నివేదిక ఇచ్చినది. నాలుగు నెలలకే ఉరీ సంభవించినది. ఆ నాలుగు నెలలలో ఎన్ని కంచెలు బాగుపడ్డాయి? ఎన్ని కావలి లోపాలు తొలగాయి?

సరిహద్దు ఆవల ఇచ్చే జవాబుకు జయజయధ్వానాలు లభిస్తాయి. కంచె లోపల చేసే మరమ్మతుకు చప్పట్లుండవు. కాని నిద్రించే సిపాయిని కాపాడేది ఆ మరమ్మతే. దానిని గురించి ప్రశ్నించుట సైన్యాన్ని అవమానించుట కాదు. బిడ్డను సైన్యానికి అప్పగించిన ప్రతి ఇంటికీ ఉన్న హక్కు. ఆ ఇంటి తరఫున అడుగవలసిన బాధ్యత మనందరిది.