వేలిముద్ర శ్రామికుని సొత్తు

(కోల్‌కతాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సహకార పరపతి సంఘాలు, వినియోగదారుల భాండారాలు, క్యాంటీన్లు చిన్న వ్యాపార సంస్థలే. సభ్యుల పొదుపులు, అప్పులు, బ్యాంకు ఖాతాల వివరాలు ఒకప్పుడు ఇనుప బీరువాలో ఉండేవి. నేడు అవి కంప్యూటరులోనో, కార్యదర్శి ఫోనులోనో ఉన్నవి. వాటికి వేలిముద్రతో తాళం వేయవచ్చునా అని పలువురు అడుగుతున్నారు. వేయవచ్చును. అయితే ఆ తాళం స్వభావం తెలిసి వేయవలసి ఉన్నది.

ఈ విద్యకు వంగదేశంతో గాఢమైన సంబంధం ఉన్నది. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకొన్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందపత్రంపై అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో దస్తావేజులకు, పింఛను చెల్లింపులకు వేలిముద్రలు ప్రవేశపెట్టాడు. నేరస్థుల కంటె ముందు వేలు ముద్రించినది గుత్తేదారు! 1897లో ఈ నగరంలోనే ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. ముద్రల వర్గీకరణకు శ్రమించిన వారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. పద్ధతికి నిలిచిన పేరు మాత్రం పై అధికారి హెన్రీది. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం మనకు కొత్త కాదు.

ఆనాడు వేలిముద్ర మనిషికి గుర్తు మాత్రమే. నేడు దానినే తాళపుచెవి చేశారు. చిక్కు ఇక్కడే ఉన్నది. తాళపుచెవిని దాచుకొనవచ్చును. వేలిముద్రను తాకిన ప్రతి వస్తువు మీదా వదలి వస్తాము. రహస్య సంఖ్య బయటపడితే మార్చుకుంటాము. వేలిని మార్చుకొనలేము.

ఇది ఊహ కాదు. 2023లో ఈ నగరంలోనే పలువురి ఖాతాల నుండి వారికి తెలియకుండా సొమ్ము పోయినది. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులలోని వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల మార్గంలో కాజేసినట్లు పోలీసు దర్యాప్తులో వెల్లడైనది. పోస్టుమాన్ సోదరులు ఇంటింటికీ సొమ్ము అందించే మార్గం కూడ అదే. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుండి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగిలింపబడినవి. అంతటి ప్రభుత్వమే కాపాడలేని దానిని మన చిన్న సంఘం పోగుచేసి దాచగలదా?

కావున మన సంఘాలు పాటించవలసినవి ఇవి.

ఒకటి: లెక్కల ఫోనును వేలిముద్రతో తెరవండి. ముద్ర నమూనా ఆ ఫోనులోనే ఉండవలెను. లెక్కలు తెరచుటకు వేరొక రహస్య సంఖ్య కూడ ఉండవలెను.

రెండు: సభ్యుల ముద్రలను సంఘం సేకరించరాదు. హాజరు యంత్రం పెట్టిన చోట ముద్రలు ఎక్కడ నిలువ ఉంటవి, ఎవరు చూస్తారు, ఉద్యోగి విరమించిన తరువాత ఎప్పుడు చెరిపివేస్తారు అని లిఖితపూర్వకంగా అడగండి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది.

మూడు: ప్రతి సభ్యుడు ఆధార్ వేలిముద్రకు లాక్ వేసుకొని, అవసరమైనప్పుడు మాత్రమే తీయవలెను. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు తెలుపవలెను.

నాలుగు: యంత్రం పట్టిన పోస్టుమాన్ సోదరుడు మొత్తం బిగ్గరగా చెప్పిన పిమ్మటనే వేలు పెట్టించవలెను. రసీదు తప్పక ఇవ్వవలెను.

చివరిగా ఒక్క మాట. ఏళ్ల తరబడి పట్టాల మీద సుత్తి, గునపం పట్టిన గ్యాంగ్‌మన్ వేలిపై గీతలు అరిగిపోతవి. ముసలితనంలో యంత్రం ఆయనను గుర్తించనినాడు, 2014లో వచ్చిన డిజిటల్ జీవన ప్రమాణ పత్రం ఆయనకు అక్కరకు రాదు. గీతలు అరిగినది మన రైళ్లు నడిపించుటకే. అటువంటి వారికి ముఖ గుర్తింపో, కాగితపు పత్రమో స్వీకరించి తీరవలసినదేనని ప్రతి శాఖ పట్టుబట్టవలెను. యంత్రం కాదన్నంత మాత్రాన ఏ ఒక్కరి పింఛనూ ఆగరాదు.