మూడేళ్ళ పోస్టు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో కరువు భృతి బకాయిల గురించి కాక, ఇంగ్లండులోని ఒక పోస్టు గురించి మాట్లాడుతున్నందుకు మన్నించాలి. మా అమ్మాయి కూతురు ఇంజనీరింగులో పి.హెచ్.డి. చేసింది. ఒకే నెలలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఇక్కడ ప్రభుత్వ కళాశాలలో లెక్చరరు ఉద్యోగం, పర్మినెంటు. రెండవది బ్రిస్టల్ నగరంలో, విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ అసోసియేట్ పోస్టు, మూడేళ్ళకు మాత్రమే. కాంపోజిట్ పదార్థాల తయారీని కంప్యూటరులో ముందుగా లెక్కగట్టి చూడటం అక్కడి పని.

ముప్ఫై నాలుగేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో కూర్చున్నవాణ్ణి. "గడువు" అన్న మాట చూడగానే నా చెయ్యి ఎర్ర పెన్సిలు కోసం వెతికింది. 1994లో జీ.ఓ. 212 వచ్చినప్పుడు, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండాయా లేదా అని ఎన్.ఎం.ఆర్.ల మస్టర్లు తిరగేసింది నేనే. నెలల తేడాతో మిగిలిపోయినవాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే. "వెళ్ళొద్దు" అన్నాను. నాలుగు రోజులు మా మధ్య మాటల్లేవు.

అయిదో రోజున ఆమె నా పాత పంచెను నాలుగు మడతలు వేసి పళ్ళెంలో పరిచి, ఒక మూలనుంచి గంజి పోసింది. "చూడు తాతయ్యా" అంది. గంజి అంచు వెంట గబగబా పరుగెత్తి అవతలికి చేరింది. నడుమ అరచెయ్యంత మేర పొడిగానే ఉండిపోయింది. కార్బన్ నారతో నేసిన గుడ్డను అచ్చులో పెట్టి, రెజిన్ అనే జిగురు ఎక్కించేటప్పుడు కూడా ఇదే జరుగుతుందట. ఆ పొడి మచ్చ పైకి కనిపించకపోవచ్చు, కాని అక్కడే బలం తగ్గుతుంది. బోయింగ్ 787 విమానం బరువులో సుమారు సగం ఇటువంటి పదార్థమే. భాగాలు తయారుచేసి, పాడైతే పారేసి నేర్చుకుందామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని జిగురు ఎక్కడ పోయాలి, గాలి ఎటు పోవాలి, ఎంత వేడికి ఎంతసేపట్లో గట్టిపడుతుంది అని ముందే లెక్క వేస్తారు. ఆ లెక్కకు మూలం, ఇసుకలోంచి నీరు ఎలా పారుతుందో 1856లో ఫ్రాన్సులో డార్సీ అనే ఇంజనీరు చెప్పిన సూత్రమట. గుడ్డ మడత కాస్త జరిగినా లెక్క తప్పుతుంది. పరిశోధన అంతా అక్కడే.

నాకు సగమే అర్థమైంది. మన నిమ్స్‌లో పోలియో పిల్లలకు మూడు కిలోల కాలిపర్లకు బదులు మూడువందల గ్రాములవి కలాం గారి చొరవతో వచ్చింది ఈ రకం పదార్థాల పరిజ్ఞానంతోనే అని చెప్పాక, మిగతా సగం అర్థమైంది.

ఆ రాత్రి నిబంధనలన్నీ చదివాను. గడువు ఒప్పందాలమీద వరుసగా నాలుగేళ్ళు నిండితే, తగిన కారణం చూపితే తప్ప, పర్మినెంటుగా పరిగణించాలని అక్కడ 2002 నాటి నిబంధన. మూడేళ్ళ పోస్టు, నాలుగేళ్ళ నిబంధన! ఈ లెక్క వేసినవాడూ మన సెక్షను మనిషే అయ్యుంటాడు.

కళాశాల ఉద్యోగం వద్దని రాసే ఉత్తరానికి డ్రాఫ్టు ఆమె నన్నే అడిగింది. సర్వీసంతా జాయినింగ్ రిపోర్టులు రాసినవాణ్ణి, "నాట్ విల్లింగ్" అని రాయటానికి మూడు కాగితాలు చించాను.

ఆమె వెళ్ళి రెండేళ్ళు దాటింది. వచ్చే మార్చి 31తో గడువు ముగుస్తుంది. ప్రతి ఆదివారం ఫోనులో "పొడిగింపు వచ్చిందా తల్లీ?" అని అడుగుతాను. "ఇంకా లేదు తాతయ్యా, ముందు నా గంజి సంగతి విను" అంటుంది.