ఎక్కినచోటనే దిగు రైలు



మేము రైల్వే గుమాస్తాలము గనుక రైలు విషయమే చెప్పుదుమని మీరెరుగుదురు. ఈసారి చెప్పబోవునది ఎక్కినచోటనే దిగు రైలు. 2005లో బిడదిలో వండర్లా తెరచిన పిమ్మట రోలర్ కోస్టరన్న మాట మన పిల్లలకు కొత్త గాదు. దాని తాత మాత్రము బొగ్గుబండి. 1827లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, మాక్ చంక్ అను ఊర, బొగ్గు పెట్టెలను కొండమీదినుండి వాలుకు వదలెడివారు. ఖాళీ పెట్టెలను పైకి లాగు కంచరగాడిదలు, దిగునప్పుడు తామును పెట్టె ఎక్కి వచ్చెడివి. (మా శాఖలో అట్టి పాసు ఎవరికిని లేదు.) 1884లో థామ్సన్ అనునాతడు న్యూయార్కు కోనీ ఐలండులో అయిదు సెంట్లు పుచ్చుకొని జనమునే ఎక్కించినాడు.

మనవారనేకులు కాపురమున్న డాలస్ చేరువ, ఆర్లింగ్టన్‌లో, సిక్స్ ఫ్లాగ్స్ అను వినోదోద్యానమున్నది. అచ్చట 1990లో 143 అడుగుల ఎత్తున 'టెక్సస్ జయంట్' అను కట్టె కోస్టరు నిలిపిరి. అందులో పట్టాయును కట్టెయే. పలకలను పొరలుగా బిగించి, చక్రము నడచుచోట మాత్రము ఉక్కుబద్ద వేయుదురు. ఎండకు ఎండి, వానకు ఉబ్బి, చక్రముల దెబ్బకు అది వదులగును, బండి కుదుపును. పలకలు మార్చుచునే ఉండవలెను. కట్టె స్లీపర్లతో మన గ్యాంగుమన్లు పడిన పాటు తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

2009లో దానిని మూసిరి. కూల్చక, కట్టె కట్టడమును చాలవరకు ఉంచి, ఉక్కు పట్టా వేసి, 153 అడుగులకు పెంచి, 2011లో 'న్యూ టెక్సస్ జయంట్' అని తెరచిరి. ఇది కట్టెదా, ఉక్కుదా అని తెలిసినవారు వాదించుకొందురు. మీటరుగేజి పోయి బ్రాడుగేజి వచ్చినను మన గుంతకల్లు లైను గుంతకల్లు లైనే గదా! మా మట్టుకు ఇదియు అంతే.

అయినను పట్టా మార్చుటతో పని తీరలేదు. 2013 జూలైలో ఒక స్త్రీ బండినుండి పడి మరణించినది. ఒడిమీది కడ్డీకి తోడు నడుముపట్టీలు చేర్చి, సెప్టెంబరులో గాని తిరిగి నడపలేదు. క్యూలో చేరకముందే కూర్చుండి చూచుకొనుటకు ద్వారముకడ ఒక ఆసనమును గూడ ఉంచిరి. ఈ ఆసనము మాకు మిక్కిలి నచ్చినది.

వేసవిలో బిడది పోవు కుటుంబములు పిల్లల ఎత్తు ఇంటికడనే కొలుచుకొని పోవలెనని మనవి. ఎత్తు చాలక గేటుదగ్గర ఏడ్చు పిల్లవానిని సముదాయించుట రైల్వేవారి వల్లగూడ కాదు.