సువర్ణలత కాల్చేసిన పుస్తకం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మాస్టారు గదా, చదువు గురించి నాలుగు మాటలు చెబుతాడని నన్ను పిలిచారు. చెబుతాను గాని, ఈసారి మార్కుల గురించి కాదు, ఒక నవల గురించి.

నేను బాపట్లలో పుట్టి తెనాలిలో కాపురముంటున్నవాణ్ణి. చెల్లెల్ని రేపల్లెలో ఇచ్చాం. 2022లో బాపట్ల, రేపల్లె ఒక జిల్లా అయ్యాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మన రాకపోకలకు మాత్రం అదే రైలు. ఆ రేపల్లె పాసింజరులోనే ఈ నవల చాలా భాగం చదివాను. పేరు 'సువర్ణలత'. బెంగాలీలో ఆశాపూర్ణాదేవి గారు రాశారు. మిత్రుడొకాయన హిందీ అనువాదం తెచ్చి చేతిలో పెట్టాడు. ఉర్దూ మాట్లాడే చెవికి హిందీ దూరం కాదు గదా.

బెంగాలీ నవల మన తెనాలికి కొత్తేమీ కాదు. శరత్ నవలలు తెలుగు చేసిన చక్రపాణి గారు ఈ ఊరి మనిషే. అయితే శరత్ బాబు ఆడవాళ్ళ బాధ రాశారు. ఇక్కడ ఒక ఆడమనిషి, రాయాలని తపించిన మరో ఆడమనిషి కథ రాసింది.

సువర్ణకు తొమ్మిదో ఏట పెళ్ళి చేస్తారు, తల్లికి తెలియకుండా. అత్తగారింట్లో పుస్తకం పట్టుకోవడమే తప్పు. కొత్త ఇల్లు కడుతుంటే ఆమె కోరింది ఒక్కటే, వీధి కనిపించే వరండా. భర్త సరేనన్నాడు. తీరా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాడు గది గదీ తిరిగి వెతికింది. వరండా లేదు. ఆ పేజీ దగ్గర నాకు మన పాత ఇళ్ళు గుర్తొచ్చాయి.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక సువర్ణ తన జీవితం తనే రాసుకుని, బంధువు ప్రెస్సులో అచ్చు వేయిస్తుంది. పుస్తకాలు వచ్చాయి. నాసిరకం కాగితం, పేజీ నిండా అచ్చుతప్పులు. ఇంట్లో వాళ్ళు అవి చదువుకుని నవ్వారు. ఆమె ప్రతులన్నీ డాబా మీదికి చేర్చి నిప్పు పెట్టింది. ఆ మంట చూసిన చిన్న కూతురు బకుల్ తర్వాతి నవలలో రచయిత్రి అవుతుంది. తల్లి రాతప్రతి కోసం ఆమె వెళ్ళి అడిగితే అదీ మిగల్లేదు.

ఆ నవ్వు దగ్గర నేను దొరికిపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా చెల్లెలు నోటుబుక్కు తెచ్చి, "భాయ్‌జాన్, కథ రాశాను, చూడు" అంది. నేను ఎర్రసిరా పెన్ను తీశాను. సీన్ రాయాల్సిన చోట సాద్, జాల్ రాయాల్సిన చోట జే. అన్నిటికీ సున్నాలు చుట్టి, ఒక వాక్యం అందరికీ చదివి వినిపించి నవ్వాను. అమ్మీ కూడా నవ్వింది. కథ ఏమిటంటారా? ఈనాటికీ నాకు తెలియదు. తప్పులే చదివాను. మళ్ళీ అది నా దగ్గరికి నోటుబుక్కు తేలేదు.

మనవాళ్ళ సంగతి చూడండి. ఉర్దూలో నవల రాసిన మొదటి స్త్రీగా చెప్పుకునే రషీదున్నిసా గారు పాట్నా ఆమె. 'ఇస్లాహున్నిసా' 1881లో రాస్తే, అచ్చయింది 1894లో. అదీ కొడుకు విలాయతు నుంచి బారిస్టరై వచ్చాక. పుస్తకం మీద ఫలానా వారి తల్లి, ఫలానా వారి కూతురు అని ఉందే గాని ఆమె పేరు లేదు!

రుకియా బేగం గారికి అన్న ఇబ్రహీం సాబెర్, ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం ముందు కూర్చోబెట్టి బెంగాలీ, ఇంగ్లీషు నేర్పాడు. ఆమె 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో అచ్చయింది. అప్పుడు మన ఊళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆశాపూర్ణాదేవి గారైతే అసలు బడి ముఖమే చూడలేదు. అన్నలు చదువుతుంటే ఎదురుగా కూర్చుని అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నారు. 1976 సంవత్సరపు జ్ఞానపీఠ బహుమతి ఆమెకే వచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆమె.

నవల పూర్తయ్యాక రేపల్లె వెళ్ళి చెల్లెలికిచ్చాను. "ఆ నోటుబుక్కు ఏమైంది?" అనడిగాను. "మిగతా పేజీల్లో చాకలి పద్దు రాశాం గదా భాయ్‌జాన్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కమిటీ వారికి ఒక మనవి. వచ్చే ఏటి సావనీరులో ప్రకటనలు కాస్త తగ్గినా ఫరవాలేదు, నాలుగు పేజీలు మన ఆడపిల్లలకు ఇవ్వండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా సరే. వాళ్ళ పేరుతోనే వేయండి. ఫలానా వారి అమ్మాయి అని వద్దు. ప్రూఫులు నేను చూస్తాను. ఎర్రసిరాతో కాదు లెండి.

మొదటి కథ నేనే తెస్తాను. చెల్లెలి కూతురు తెలుగులో రాస్తోంది. "తప్పులు చూడొద్దు మామూ" అని షరతు పెట్టి రెండు పేజీలు చూపించింది. రేపల్లె స్టేషనులో తప్పిపోయిన మేక కథ. మేక దొరికిందో లేదో ఇంకా రాయలేదు. రైలు టైమైపోయి లేచొచ్చాను.